ఇంటికి ముందు నడిచే ఎర్మిందక్క

నా లారీ పక్క అద్దంలో ఎప్పుడూ ఇళ్ళే కనపడతాయి. మిగతావాళ్ళ అద్దాల్లో రోడ్డు వెనక్కి పోతుంటుంది. నా అద్దంలో మాత్రం ఒక వసారా, రెండు కిటికీలు, కిటికీలో పూలకుండీ నా వెంటే వస్తుంటాయి. మా చిలోయె దీవిలో ఇళ్ళన్నీ చెక్కవే. కొండచరియ జారినా, కూతురి దగ్గరికి చేరాలనిపించినా, ఇరుగుపొరుగుతో పడకపోయినా మావాళ్ళు ఇల్లు అమ్ముకోరు, ఇంటిని వెంట తీసుకుపోతారు. వెనకటికి ఎడ్లు లాగేవి. ఎడ్లు కట్టేవాళ్ళు తగ్గాక ఒనోఫ్రే బర్రియా అనే నేనూ, నా పొడుగాటి ట్రైలరూ మిగిలాం.

పొగమంచు దిగిన పొద్దున రోడ్డూ కనపడదు, ట్రైలరూ కనపడదు. ఇల్లొక్కటే తేలుతూ వస్తుంది. ఎదురొచ్చేవాళ్ళకి ముందు పొగగొట్టం కనపడుతుంది, తరవాత కప్పు, తరవాత తెర తొలగిన కిటికీ, ఆ కిటికీలో ఒక్కోసారి పిల్లి. ఇంకా నిద్రలోనే ఉన్నామేమో అని కళ్ళు నులుముకుంటారు. వాళ్ళు కళ్ళు నులుముకునేలోపే వాళ్ళ బండిని పక్కకి తీయించే మనిషి ఒకరుండాలి. మాకు ఆ మనిషి ఎర్మిందా నావ్‌తో. నాకంటే పెద్దది కాబట్టి నాకు అక్క.

మనిషి పొట్టి, వానకోటు పొడుగు. నెత్తిన ఊదారంగు ఊలు టోపీ. ఆమె నడిపే తెల్ల వ్యాను మీద పసుపు దీపం, రెండు పక్కలా ఎర్రజెండాలు. పెద్ద బరువు వస్తోందని ముందుగా చెప్పే బండి అది. చట్టం ప్రకారం ఆమె పని చాలా చిన్నది. జెండా ఊపాలి, ఎదుటివాళ్ళని ఆపాలి, ఆగనివాణ్ణి పోలీసులకి అప్పగించాలి. భర్త బెలర్మీనో సముద్రంలో చనిపోయిన ఏడాది ఆమె నా దగ్గర ఈ పనిలో చేరింది. మొదటిరోజే నా తల తిరిగిపోయింది.

జెండా ఊపలేదు. వ్యాను దిగింది. ఆగిన మొదటి కారు దగ్గరికెళ్ళి, టోపీ తీసి చేత్తో పట్టుకుని, కిటికీలోకి వంగి, "ఇల్లొకటి వస్తోందండీ. పని పడింది, మీ రోడ్డు కావాలి" అంది. వాళ్ళు సరే అనేదాకా నిలబడింది. తరవాత రెండో కారు. తరవాత బస్సు. వాన పడుతోంది, టోపీ చేతిలోనే ఉంది, నేను వెనక ఇంటిని మోసుకుని ఇంజిన్ గుర్రుమనిపిస్తూ కూచున్నాను.

"అక్కా! ఇల్లు లాగుతున్నామా, ఊరంతా శుభలేఖలు పంచుతున్నామా?" అని అరిచాను.

"నీకు వానలో తడవాల్సిన పనేం లేదుగా? కూచో మరి" అంది వెనక్కి తిరక్కుండానే.

ఇల్లు దాటాక ఇంకో విడ్డూరం. వ్యాను వెనక తలుపు తీసి బుట్ట దించింది. నిండా మిల్కావ్. తురిమిన బంగాళాదుంప, ఉడికిన బంగాళాదుంప కలిపి, లోపల పందికొవ్వు ముక్కలు పెట్టి కాల్చిన మందపాటి రొట్టెలు. ఆగినవాళ్ళందరికీ తలొకటి ఇచ్చుకుంటూ పోయింది.

అది మా పాత పద్ధతే. ఇల్లు లాగాలనుకున్న ఇంటివాళ్ళు ముందురోజుల్లో గడపగడపకీ వెళ్ళి, టోపీ తీసి, "మా ఇంటికి పని పడింది, మీ చెయ్యి కావాలి" అని అడగాలి. అడిగించుకున్నవాడు కాదనడు. అడగకపోతే ఎవడూ రాడు. పని అయ్యాక వచ్చినవాళ్ళకి కడుపునిండా పెట్టాలి. అదంతా ఎడ్లతోనే పోయిందని నేననుకుంటే, ఎర్మిందక్క దాన్ని తీసుకొచ్చి తారురోడ్డు మీద పెట్టింది.

"లారీయే లాగుతుంటే ఇంక జనానికి మిగిలిందేంటి ఒనోఫ్రే? ఆగడమే కదా. ఆగినవాడూ ఓ చెయ్యి వేసినట్టే. వెయ్యమని అడగొద్దూ? వేశాక తిండి పెట్టొద్దూ?"

నాకు ఒళ్ళు మండేది. అరగంట పని గంటయ్యేది. కానీ ఒకటి చూశాను. జెండాకి ఆగినవాడు హారన్ కొడతాడు, బండి ముక్కు ముందుకి పెడతాడు, సందు దొరికితే దూరతాడు. ఈవిడ అడిగాక ఆగినవాడు ఇంజిన్ ఆపేసి కిందికి దిగి ఇంటిని చూస్తాడు. చిన్నపిల్లని భుజమ్మీదికి ఎత్తుకుని, "అదుగో, వాళ్ళ వంటిల్లు పోతోంది చూడు" అంటాడు. వాన చప్పుడు తప్ప ఏమీ వినపడని ఆ రోడ్డు మీద, రెండు వైపులా మనుషులు నిలబడి ఉంటే, మధ్యలోంచి ఇంటిని పోనిస్తుంటే, నేను లారీ నడుపుతున్నానా, కలగంటున్నానా అనిపించేది. ఆ మాట ఆవిడతో ఎప్పుడూ అనలేదు. అంటే నెత్తికెక్కి కూచుంటుంది.

ఒకసారి రాజధాని నుంచి వచ్చిన కుర్రాడొకడు, కొత్త బండి, వెనక నుంచి నన్ను దాటేసి ఆమె వ్యానుకీ నా లారీకీ మధ్య దూరబోయాడు. ఆమె రోడ్డు మధ్యలో టోపీ తీసి నిలబడింది.

"ఎంతసేపమ్మా ఇది? నాకు ఫెర్రీ అందాలి!"

"అందుతుంది నాయనా. ఆ వెనకున్న ఇంటికి బ్రేకు నొక్కగానే ఆగడం రాదు. నువ్వు మధ్యలో దూరావనుకో, మా ఒనోఫ్రే గట్టిగా తొక్కుతాడు. అప్పుడు వంటింట్లో పొయ్యి వెళ్ళి మంచమ్మీద పడుకుంటుంది. ఆ ఇంటి ముసలాయన ఎక్కడ పడుకోవాలి?"

"అయితే ఊరికే కూచోమంటావా?"

"ఊరికే ఎందుకూ? మిల్కావ్ తింటూ కూచో. వేడిగా ఉన్నాయి."

కుర్రాడు నవ్వేశాడు. ఇంజిన్ ఆపాడు. మూడు తిన్నాడు. "రాజధానిలో పాపం తిండి పెట్టరు" అంది ఎర్మిందక్క నాతో, జాలిగా.

దీవిలో ఇంతమందిని టోపీ తీసి అడిగిన ఈ మనిషి ఒకే ఒక్కణ్ణి అడగలేదు. ఆ ఒక్కడూ ఆమె సొంత అన్న సిప్రియానో.

ఈ సంగతి మా వైపు అందరికీ తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఎర్మిందా, బెలర్మీనో కలిసి పాయ అవతల ఒక ఇల్లు కొన్నారు. దాన్ని సముద్రం పక్క గట్టు మీదికి లాగించాలి. బెలర్మీనోకి పొద్దున్నే పడవలు కనపడాలని కోరిక. ఇద్దరూ గడపగడపకీ వెళ్ళి అడిగారు. దారిలో మలుపు దగ్గర సిప్రియానో ఇల్లు. ఆ చుట్టుపక్కల అతని ఎడ్ల జతని మించింది లేదు. వాళ్ళు అతని గడప మాత్రం తొక్కలేదు. కోపం ఉండి కాదు. "మా అన్నే కదా, మేము పిలవాలా, వాడే వస్తాడు" అనుకుంది ఎర్మిందా. మనవాడు అనుకున్నవాణ్ణే మనం పిలవడం మరిచిపోతాం.

ఆరోజు తెల్లవారకముందే సిప్రియానో ఎడ్ల కొమ్ములకి కాడి కట్టి, ములుకోల పట్టుకుని, గేటు దగ్గర నిలబడ్డాడు. ఎవరో ఒకరు వచ్చి ఆ ఒక్కమాట అంటారని చూశాడు. ఇల్లు వచ్చింది. పరాయివాళ్ళ ఎడ్లు లాగుతున్నాయి. పక్కన నడుస్తున్న చెల్లెలు నవ్వుతూ చెయ్యి ఊపి, "రా, రా" అన్నట్టు తల ఆడించి వెళ్ళిపోయింది. అతను పిలవని పేరంటానికి వెళ్ళే మనిషి కాదు. ఇల్లు మలుపు తిరిగి కనపడకుండా పోయేదాకా చూసి, కాడి విప్పేశాడు. దాదాపు ముప్ఫై ఏళ్ళయింది. చెల్లెలితో మళ్ళీ మాట్లాడలేదు. బెలర్మీనో పోయినప్పుడు చర్చి బయట వానలో నిలబడి వెళ్ళిపోయాడు. ఊళ్ళో అందరూ ట్రాక్టర్లు కొన్నా అతను మాత్రం ఒక జత ముసలిదైపోతే ఇంకో జత తెచ్చి, మచ్చిక చేసి, కాడికి అలవాటు చేస్తూనే ఉన్నాడు. ఎందుకని ఎవరూ అడగలేదు.

సముద్రం ఎర్మిందక్క గట్టుని కొరుక్కు తినడం మొదలుపెట్టింది. ముందు కోళ్ళగూడు పోయింది. ఒక తుఫానుకి కట్టెల పాక పోయింది. ఒక సాయంత్రం నన్ను వంటింటి కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూపించింది. కిటికీకీ నీళ్ళకీ మధ్య గులాబీ పొద ఉండేది. ఇప్పుడు కిటికీ కింద ఏమీ లేదు, గాలి తప్ప. ఆమె పిల్లి కప్తాన్ కిటికీ గూట్లో కూచుని, నేల ఎక్కడికి పోయిందా అన్నట్టు కిందికి చూస్తోంది.

"ఈ చలికాలం నిలవదు ఒనోఫ్రే."

"పైన చర్చి దగ్గర బెలర్మీనో వాటా నేల ఉందిగా. ఎక్కించేద్దాం."

అనడం అన్నానే గాని, ఇద్దరికీ తెలుసు. పైకి దారి ఒక్కటే. సిప్రియానో మలుపు. ఇల్లు రోడ్డుకంటే వెడల్పు. అతని కంచె తీసి, నా ఎడమ చక్రాలు అతని బంగాళాదుంపల చేలోకి ఎక్కితే తప్ప అక్కడ తిరగదు.

"నువ్వెళ్ళి అడగవా?" అంది.

"నా ఇల్లా? ఇంటావిడ పిలవాల్సిన పిలుపు డ్రైవర్ పిలుస్తాడా? ఒకసారి చేసింది చాల్లేదా అక్కా?" అన్నాను. కొంచెం కఠినంగానే అన్నాను.

మాతే అనే ఆకు కషాయం గిన్నెలో గొట్టాన్ని ఒకసారి తిప్పి వదిలేసింది. "పరాయివాళ్ళ ఇంటి కోసం టోపీ తీస్తే తల తడుస్తుంది, అంతే. నా ఇంటి కోసం తీసినప్పుడు వాడు కాదంటే? నేను మళ్ళీ ఎవరి ముందు టోపీ తీయగలను?"

ఆ మాటతో నాకు ఈమె అన్నేళ్ళుగా రోడ్డు మీద చేస్తున్నదేంటో అర్థమైంది. ప్రతి కిటికీ దగ్గరా వంగి, ఆ ఒక్క మనిషిని తప్ప అందర్నీ అడుగుతూ వస్తోంది. "ముందు ఇల్లు ఎక్కిద్దాం. మిగతాది దారిలో చూద్దాం" అన్నాను.

బయల్దేరిన పొద్దున మంచు ఎంత దట్టంగా ఉందంటే వ్యాను పైన తిరిగే పసుపు దీపం తప్ప ముందు ఏమీ లేదు. వెనక అద్దంలో ఎర్మిందక్క ఇల్లు. పచ్చరంగు తలుపు, వెలిసిపోయిన చెక్కలు, కిటికీలో కప్తాన్. ఎక్కడో కింద సముద్రం మెల్లగా తన మానాన తాను గొణుక్కుంటోంది. ఇల్లు దానికి వీపు పెట్టి కొండెక్కుతోంది. బెలర్మీనో పడవల కోసం చూసిన కిటికీ ఇప్పుడు నా లారీ వెనకభాగాన్ని చూస్తోంది. నాకు నవ్వూ వచ్చింది, దిగులూ వచ్చింది.

మలుపు దగ్గర పసుపు దీపం ఆగింది. నేనూ ఆగాను. ముందు కేయిలెన్ ఊరి బస్సూ, దాని వెనక చేపల లారీ, ఇంకా కార్లు. నా వెనకా వరస కడుతోంది. వెనక్కి పోవడానికి లేదు, పోయినా ఇంటిని దించడానికి అక్కడ గట్టు లేదు. సిప్రియానో ఒప్పుకోకపోతే ఆ ఇల్లు రోడ్డు మధ్యలో ఉండిపోవాల్సిందే.

ఎర్మిందక్క దిగింది. అలవాటు కొద్దీ బస్సు దగ్గరికి వెళ్ళబోయి, ఆగి, గేటు వైపు తిరిగింది. గేటు వెనక సిప్రియానో నిలబడి ఉన్నాడు. ముసలివాడైపోయాడు. లోపల చేను ఎక్కడ ఆగుతుందో మంచు ఎక్కడ మొదలవుతుందో తెలియడం లేదు. నేను కిటికీ అద్దం దించాను. బస్సు డ్రైవర్ ఇంజిన్ ఆపాడు. వెనకవాళ్ళు ఒక్కొక్కరే ఆపేశారు.

ఆమె టోపీ తీసింది. తెల్లబడిన జుట్టు మీద మంచు నీళ్ళు.

"ఇల్లొకటి వస్తోంది అన్నయ్యా."

"ఎవరి ఇల్లు?"

"నాదే."

"అప్పుడు ఇటు నుంచి అటు పోయిందే, అదేనా?"

"అదే."

"అప్పుడు ఎవరూ నాతో చెప్పలేదు."

"చెప్పలేదు. సొంత అన్నవి, నీకు వేరే చెప్పాలా అనుకున్నా. నువ్వు ఎడ్లకి కాడి కట్టి నిలబడటం చూసి కూడా చెయ్యి ఊపి పోయా. బుద్ధిలేని పని చేశా."

ఇప్పుడు అడుగుతుంది, కంచె తీయనిమ్మని, చేలో చక్రం పెట్టనిమ్మని అడుగుతుంది, అంతేగా మనకి కావలసింది అనుకున్నాను నేను. ఆమె గొంతు సవరించుకుంది.

"మా ఇంటికి పని పడింది. మీ చెయ్యి కావాలి."

నేను స్టీరింగ్ మీద తల పెట్టుకున్నాను. చేను అడగవే తల్లీ, చెయ్యెందుకు! లారీకి ముసలాయన చెయ్యేం చేసుకోను? సిప్రియానో ఆమె వంక చూశాడు, ఇంటి వంక చూశాడు. వెనక్కి తిరిగి మంచులోకి వెళ్ళిపోయాడు. గేటు మూసే ఉంది.

అయిపోయిందనుకున్నాను. ఎర్మిందక్క టోపీ పెట్టుకోలేదు. అలాగే నిలబడింది. అంతమందిమి ఉన్నాం, ఒక్క హారన్ మోగలేదు. ఒక్క తలుపు చప్పుడు కాలేదు. మంచు మా అందరి మధ్య నుంచీ నెమ్మదిగా పాకుతోంది. ఎంతసేపో నాకు తెలియదు. ముందు గొలుసు చప్పుడు వినపడింది. తరవాత కర్ర కిర్రుమంది. మంచులోంచి నాలుగు కొమ్ములు, వాటి మీద కాడి, వెనక రెండు ఎర్ర ఎడ్లు, పక్కన ములుకోల భుజాన పెట్టుకుని సిప్రియానో.

గేటు తెరిచి, కంచె రాటలు తనే పీకడం మొదలుపెట్టాడు. బస్సు డ్రైవర్ దిగొచ్చి ఒకటి పట్టుకున్నాడు. చేపల లారీవాళ్ళు దిగారు. కార్లలోంచి దిగినవాళ్ళు రాటలు మోసి పక్కన పేర్చారు. రాటలూ, ఎదురొచ్చిన బండ్లూ పక్కకి పోయాక సిప్రియానో మోకు తీసుకుని నా దగ్గరికొచ్చాడు.

"ఎక్కడ కట్టమంటావ్?"

నా ఇంజిన్ ముందు ఆయన ఎడ్లెంత, పది జతలు తెచ్చినా ఒక గేరుకి సరిపోవని నాలిక చివరిదాకా వచ్చింది. అతని వెనక ఎర్మిందక్క టోపీ పట్టుకుని నన్నే చూస్తోంది. దిగాను. బంపర్ కింద కొక్కెం చూపించాను.

"ఇక్కడ కట్టండి పెద్దాయనా."

"మెల్లగా పోనీ. నా ఎడ్లని వెనక నుంచి తరమకు."

"తరమనండీ."

ఇన్నేళ్ళలో అంత కష్టమైన డ్రైవింగ్ నేను చేయలేదు. మోకు వదులైతే ఎడ్లకి అవమానం. గట్టిగా వెనక్కి లాగితే వాటికి బాధ. వాటి అడుగుకి నా చక్రం కలవాలి. అన్నిటికంటే చిన్న గేరులో, పాదం పెడల్ మీద ఆనీ ఆననట్టు పెట్టి, మోకు బిగువు మీదే కళ్ళు పెట్టి నడిపాను. ముందు ఎడ్ల వీపుల మీంచి ఆవిరి లేస్తోంది. ములుకోల అప్పుడప్పుడు మంచులో కనపడి మాయమవుతోంది. ఎర్మిందక్క వ్యాను పక్కన పెట్టేసి అన్న పక్కన నడుస్తోంది. వెనక ఇల్లు, కిటికీలో పిల్లి, ఇంటి వెనక ఇంజిన్లు ఆపేసి నడిచి వస్తున్న జనం. చేను మధ్యకి వచ్చాక నా ఎడమ చక్రం మెత్తటి మట్టిలో ఒక్కసారి జారింది. ఇల్లు కొంచెం ఒరిగింది. జనం హా అన్నారు. మోకు కర్రలా బిగిసింది, చక్రం మళ్ళీ పట్టుకుంది. పట్టించింది నా ఇంజినో, ఆ ఎడ్లో నాకు ఇప్పటికీ తెలియదు. తెలుసుకోవాలని కూడా లేదు.

చేను దాటి ఇల్లు మళ్ళీ రోడ్డెక్కాక సిప్రియానో మోకు విప్పాడు. ఎర్మిందక్క వెనక్కి పరుగెత్తి వ్యానులోంచి బుట్ట తెచ్చింది. మొదటి మిల్కావ్ అతని చేతిలో పెట్టింది. అందరం నిలబడి చూస్తున్నాం. ముసలాయన నిలబడే తిన్నాడు, నెమ్మదిగా, చివరి ముక్కదాకా.

"ఉప్పు తక్కువైంది" అన్నాడు.

ఎర్మిందక్క నవ్వబోయి ఏడ్చేసింది. వానకోటు చేత్తో ముక్కు తుడుచుకుంటూ, "ఆదివారం సరిగ్గా వేసి చేస్తాను. రా" అంది. అంతలోనే కంగారుపడి నెత్తి తడుముకుంది. టోపీ అప్పటికే చేతిలో ఉంది. "అంటే... పిలుస్తున్నా అన్నయ్యా. మా ఇంటికి రా."

"పిలిచావుగా, వస్తాను" అన్నాడతను.

ఇంకా రోడ్డు మీద ఆగి ఉన్నవాళ్ళందరికీ పెట్టాలి కదా. ఎర్మిందక్క మొదటి బండి దగ్గరికి బయల్దేరింది, కిటికీ కిటికీ దగ్గరా వంగుతూ. బుట్ట మాత్రం ఆమె వెనక సిప్రియానో మోశాడు.